చిటికెన పుల్ల వినపడాలి

హైదరాబాద్ నుంచి కర్నూలు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద పెబ్బేరులో బస్సు దిగి, ఆటో ఎక్కితే పొలాల మధ్య నుంచి శ్రీరంగాపూర్ వస్తుంది. వనపర్తి సంస్థానాధీశులు 18వ శతాబ్దంలో కట్టించిన రంగనాయకస్వామి గుడి, దాన్ని ఆనుకుని రంగసముద్రం. ఒకప్పటి ఈ చెరువే ఇప్పుడు భీమా ఎత్తిపోతల పథకంలో రిజర్వాయరు. గాలిగోపురం, నీళ్లలో దాని నీడ చూడటానికి జనం కెమెరాలతో వస్తారు. నేను చిన్న రికార్డరు, మూడు రకాల హెడ్‌ఫోన్లు పట్టుకొచ్చాను.

ఊళ్లలో పాడే పాటలు, వాయించే వాద్యాలు రికార్డు చేసి దాచడం నాకిష్టమైన పని. ఈమధ్య ఫోన్లతో జానపదాలు రికార్డు చేసే పిల్లలు చాలామంది ఒకటే అడుగుతున్నారు: తక్కువ ధరలో, ఉన్నది ఉన్నట్టు వినిపించే హెడ్‌ఫోను ఏది కొనాలి? స్టూడియోవాళ్లు న్యూట్రల్ అనేది దాన్నే. ఇది ఇష్టాయిష్టాల సంగతి కాదు. హెడ్‌ఫోను తనంతట తాను బేస్ కలిపి వినిపిస్తే, ఎక్కువైందనుకుని మనం రికార్డింగులో తగ్గిస్తాం. ఆ పాట ఇంకొకరి స్పీకర్లో బక్కచిక్కి వినిపిస్తుంది. పాడినామె గొంతు అది కాదని ఆ వినేవాళ్లకు ఎప్పటికీ తెలియదు. నాకు బాధ కలిగించేది అదే.

రావడానికి ముందు కోఠిలో గుజరాతీ గల్లీ అంతా తిరిగాను. ఏ దుకాణంలో ఏది చెవికి పెట్టినా దంచికొట్టే సినిమా పాటే. ఆ పాట స్టూడియోలో ఎలా ఉండేదో నాకు తెలియదు, అమ్మేవాడికీ తెలియదు. అసలు ఎరగకుండా నకలు బాగుందో లేదో చెప్పేదెలా? మా అమ్మమ్మ ఊరు పెబ్బేరు పక్కనే. శ్రీరంగాపూర్ గుడి గంట చిన్నప్పటి నుంచి ఎరిగిన మోత. అందుకే ఇక్కడికి రావాలనిపించింది.

అర్చకుల అనుమతి తీసుకుని పొద్దుటి గంటను రికార్డు చేశాను. మోత ఇంకా చెవుల్లో ఉండగానే మంటపం నీడకు వచ్చి, మూడింటిలోనూ మార్చి మార్చి విన్నాను. ఒక జాగ్రత్త తప్పనిసరి: మూడింటినీ ఒకే సౌండులో పెట్టుకోవాలి. రెండింటిలో ఏది కాస్త బిగ్గరగా ఉంటే అదే మేలైనదని చెవి భ్రమపడుతుంది. మరీ తగ్గించినా చిక్కే. తక్కువ సౌండులో చెవికి బేస్ సరిగా అందదని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు.

మొదటిది ఈ రోజుల్లో అందరి మెడల్లో కనిపించే తరహా బ్లూటూత్ హెడ్‌సెట్టు. అందులో గంట రెండింతలు లావెక్కింది, నాలుక తగిలినప్పటి ఖంగుమనే మొదటి చప్పుడు మొద్దుబారింది. రెండోది స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చిన సోనీ ఎండీఆర్-7506. 1991 నుంచీ రికార్డిస్టులు నమ్ముకున్న హెడ్‌ఫోను. అందులో గంట గంటలాగే మోగింది. మూడోది రెండు వేల రూపాయల ప్రాంతంలో దొరికే వైరు ఇయర్‌ఫోను. 2022లో వచ్చిన మూన్‌డ్రాప్ చూ, సెవెన్ హెర్ట్జ్ సాల్‌నోట్స్ జీరో ఆ కోవలోవే. ఖంగుమనడం, వెనక సాగే ఝంకారం, గోపురం మీది చిలకల అరుపులు అన్నీ దేని చోట అది ఉన్నాయి. సోనీకి ఇంత దగ్గరగా వస్తుందని నేను ఊహించలేదు.

ఇంత చవకలో ఇది ఎలా సాధ్యం? ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బిగ్గరగా వస్తుందో చూపే గీత (ఫ్రీక్వెన్సీ రెస్పాన్సు) కాగితం మీద బల్లపరుపుగా ఉంటే న్యూట్రల్ అని చాలామంది అనుకుంటారు. మన చెవి నిర్మాణం అలా లేదు. ఎదురుగా ఎవరైనా మాట్లాడితే ఆ శబ్దం చెవి డొప్పకు తగిలి, గొట్టంలోంచి కర్ణభేరిని చేరేసరికి 3,000 హెర్ట్జ్ ప్రాంతంలో పది డెసిబెళ్లకు పైనే పెరుగుతుంది. పుట్టినప్పటి నుంచీ లోకాన్ని ఈ మిట్టతోనే వింటున్నాం. ఇయర్‌ఫోను చెవి డొప్పను దాటేసి లోపల కూర్చుంటుంది కాబట్టి ఆ మిట్టను తనే కల్పించాలి. మంచి గదిలో మంచి స్పీకర్లు ఎలా వినిపిస్తాయో హెడ్‌ఫోనూ అలా వినిపించాలన్న లక్ష్యంతో హార్మన్ సంస్థలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ 2012 నుంచి వందల మందితో వినికిడి పరీక్షలు చేసి ఒక నమూనా గీత తయారుచేశారు. ఆ గీతకు దగ్గరగా శ్రుతి చేయడానికి కావలసింది శ్రద్ధ, కొలత. ఖరీదైన లోహాలు, తోలు అక్కర్లేదు. యెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 2017లో 283 హెడ్‌ఫోన్ల కొలతలు పరిశీలించి, ధరకూ ఫ్రీక్వెన్సీ రెస్పాన్సుకూ పొంతన లేదని తేల్చాడు.

నేను ఇంకా మంటపంలో ఉండగానే గుడికి ఒక పెళ్లిబృందం వచ్చింది, ముందు డప్పులు. సెగ చూపించి బిగించిన తోలు మీద కుడిచేతి సిర్ర పడితే గుండెకు తగులుతుంది. ఎడమచేతి చిటికెన పుల్ల సన్నగా, చకచకా దరువును అల్లుతుంది. అడిగి, కాస్త దూరంగా నిలబడి రికార్డు చేశాను. ఊరేగింపు ఆగాక డప్పు వాయించేవాళ్లలో పెద్దాయన నా దగ్గరకు వచ్చాడు.

"ఏం సారూ, మా డప్పు ఎక్కిచ్చినవా? ఇటియ్యి, ఇంట."

మొదట బ్లూటూత్‌ది పెట్టాను. నవ్వాడు. "జోరుగుంది. గని ఇది నా డప్పు గాదు."

"ఎందుకట్ల అంటున్నవ్ పెద్దయ్యా?"

"సిర్ర దెబ్బ ఒక్కటే ఇనొస్తుంది. చిటికెన పుల్ల యాడబోయింది?"

వైరు ఇయర్‌ఫోన్లు ఇచ్చాను. మొదట తల అడ్డంగా ఊపాడు, అసలు బలమే లేదన్నాడు. చెవిలో రబ్బరు టిప్పు సరిగా కూర్చోలేదు. కాస్త గాలి సందున్నా బేస్ మొత్తం జారిపోతుంది. పెద్ద సైజు టిప్పు మార్చి పెట్టాక ఆయన ఎడమచేతి వేళ్లు మెల్లగా ఆడటం మొదలుపెట్టాయి.

"ఆఁ, ఇగో ఉంది. నడుమల ఒక దెబ్బ తప్పిన సూడు, అది గూడ ఇనొస్తుంది. మళ్ల గొడ్తం, ఈసారి సక్కగ ఎక్కియ్యి."

డప్పులవాళ్లు నలుగురూ మళ్లీ నిలబడ్డారు. ఆ రెండో రికార్డింగే నా దగ్గర ఉంచుకున్నాను.

పక్కనే ఉన్న ఆయన మనవడికి డప్పు వీడియోలు పెట్టే అలవాటుంది. "నన్నేది కొనమంటవ్ సార్?" అన్నాడు. బస్సులో పాటలు వినడానికైతే నీకు నచ్చింది కొనుక్కో, తాత డప్పు లోకానికి వినిపించాలంటే మాత్రం వైరుదే తీసుకో అన్నాను. అతని ఫోనుకు పాత గుండ్రటి జాక్ లేదు. టైప్-సి అడాప్టరు విడిగా కొనాలని, బేస్ పెంచే సెట్టింగులన్నీ ఆపేశాకే వినాలని, తాత ఎదురుగా వాయించి ముగించిన మరుక్షణం అదే రికార్డింగు పెట్టుకుని సరిచూడాలని చెప్పాను. బాక్సు మీద 20 నుంచి 20,000 హెర్ట్జ్ అని ఉంటుంది, ఆ అంకెలు చూసి కొనొద్దనీ చెప్పాను. ఆ రెండు కొసల మధ్య ఎక్కడ ఎత్తుందో ఎక్కడ పల్లముందో ఆ అంకెలు చెప్పవు.

ఇక నాగర్‌కర్నూల్ వైపు పోవాలి. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్యది అక్కడి లింగాల మండలంలోని అవుసలికుంట. ఆయన వాయించే పన్నెండు మెట్ల కిన్నెర మీద మనసుపడి చాలాకాలమైంది. తీగ గీరినప్పటి సన్నటి రాపిడి, కింద సొరబుర్రల్లోంచి వచ్చే గుమ్మనే మోత రెండూ పోకుండా పట్టుకోవాలి. సోనీది స్నేహితుడికి తిరిగిచ్చేస్తాను, ఆ ప్రయాణానికి ఈ వైరు ఇయర్‌ఫోన్లే చాలు.