మిద్దె మీద ముల్లంగి

ముల్లంగి గింజ వేసినచోటే పెరగాల్సిన పంట. వంగ, టమాటా లాగా నారు పోసి, పీకి నాటడం దీనికి సరిపడదు. తినే గడ్డ తల్లివేరే గనుక, పీకేటప్పుడు దాని కొన తెగినా మడతపడినా రెండు మూడు పాయలుగా చీలిపోతుంది. అందుకే ముల్లంగి సాగులో సగం పని గింజ వేయకముందు, మట్టి దగ్గరే జరుగుతుంది.

హైదరాబాద్ శివారులోని గాజులరామారంలో ఈ పనికి మరింత ఓపిక కావాలి. గ్రానైటు గుట్టల నడుమ ఉన్న ఈ ప్రాంతంలో నేల ఎర్ర చెలక. చాలాచోట్ల పైమట్టి కింద మొరం, రాయి తగులుతాయి. ఇళ్లు కట్టగా మిగిలిన కంకర, సిమెంటు పెళ్లలు కూడా పెరట్లో కలిసిపోయి ఉంటాయి. దిగే వేరుకు రాయి అడ్డొస్తే గడ్డ వంకర తిరుగుతుంది, లేదా చీలుతుంది. పెరట్లో వేసేవారు అడుగు లోతు తవ్వి, రాళ్లు ఏరి, మట్టిని జల్లించి, మడిని కాస్త ఎత్తుగా కట్టుకోవాలి.

పెరడు లేని ఇళ్లకు మిద్దె ఉంది. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి నారపల్లిలో తన ఇంటి మీద తోట పెంచి, హైదరాబాద్ చుట్టుపక్కల ఎందరినో మిద్దెతోటల వైపు నడిపించారు. పొడుగు ముల్లంగికి అడుగు లోతున్న తొట్టి కావాలి. జల్లించిన ఎర్రమట్టి రెండు వంతులు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక వంతు కలిపితే చాలు. పచ్చిపేడ కలిపితే గడ్డ చీలుతుంది. నత్రజని ఎక్కువైతే ఆకు ఏపుగా పెరిగి గడ్డ ఊరదు. తడిమట్టి బరువు ఎక్కువ గనుక తొట్లను స్లాబు నడిమధ్యన కాక, గోడలు, దూలాల మీదుగా పెట్టాలి.

ముల్లంగికి చలి ఇష్టం. దసరా దాటాక మొదలుపెట్టి డిసెంబరు దాకా విత్తవచ్చు. జపనీస్ వైట్ లాంటి రకాలు ఈ కాలానికే. ఎండను కొంత ఓర్చుకునే పూసా చేత్కిని ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు వేయవచ్చు. ఈ రకాన్ని ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించింది. అయితే ఎండాకాలపు గడ్డకు ఘాటు ఎక్కువ.

గింజను సెంటీమీటరు లోతున, సాలుకూ సాలుకూ మధ్య జానెడు ఎడం ఉంచి వేయాలి. మూడు నుంచి ఐదు రోజుల్లో మొలుస్తుంది. రెండు మూడు ఆకులు తొడిగాక మొక్కకూ మొక్కకూ నాలుగు వేళ్ల ఎడం ఉండేలా మిగతావి తీసేయాలి. ఈ పనికి చాలామందికి చేయి రాదు. కానీ ఒత్తుగా వదిలేస్తే ఏ ఒక్కటీ ఊరదు. తీసిన లేత మొక్కలు పప్పులోకి పనికొస్తాయి.

నీరు కొద్దికొద్దిగా, క్రమం తప్పకుండా పెట్టాలి. నాలుగు రోజులు ఎండగట్టి ఒక్కసారిగా తడిపితే గడ్డ పగులుతుంది. గడ్డ భుజం మట్టి పైకి తేలితే మట్టి ఎగదోయాలి. లేకపోతే ఎండ తగిలిన మేర పచ్చబడుతుంది. ఆకు అడుగున పేనుబంక, ఆకు మీద చిన్న చిన్న చిల్లులు ముందే కనిపెట్టాలి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీరు కలిపి సాయంత్రం పూట కొడితే అదుపులో ఉంటాయి.

పూసా చేత్కి 40 నుంచి 45 రోజుల్లో కోతకు వస్తుంది. గడ్డను ఇంకా లావెక్కనిద్దామని ఆగితే లోపల బెండు పడి, పీచు తేలుతుంది. అన్నీ ఒకేసారి ఊరితే ఇంట్లో తినలేరు గనుక పది పదిహేను రోజుల తేడాతో కొంచెం కొంచెంగా విత్తడం మేలు. గడ్డ సాంబారుకు, పెరుగుపచ్చడికి పోతే, ఆకు పప్పుకూ పొడికూరకూ వస్తుంది. కాల్షియం, విటమిన్ సి గడ్డలో కంటే ఆకులోనే ఎక్కువ కాబట్టి దాన్ని పారేయకూడదు.

ముల్లంగి తీసిన తొట్టిలో వెంటనే మళ్లీ ముల్లంగి గానీ, అదే కుటుంబానికి చెందిన క్యాబేజీ, ఆవాలు గానీ వేయకూడదు. కొంచెం మాగిన ఎరువు కలిపి మెంతి, తోటకూర, గోరుచిక్కుడు వంటివి వేస్తే పురుగూ తెగులూ తగ్గుతాయి, మట్టీ నిలుస్తుంది.