ఆజ్ఞా, చూపూ

ప్రోగ్రాములు రాసేవారి మధ్య తెగని తగవు ఒకటి ఉంది. నల్లతెర మీద ఆజ్ఞలిచ్చి పాఠ్యాన్ని దిద్దడం మేలా, మౌసుతో నడిచే ఎడిటర్లు మేలా అన్నది. నా మట్టుకు నాకు, తెలుగు పాఠ్యంతో పని పడిన తరువాతనే ఈ తగవులోని సారం బోధపడింది.

1969లో కెన్ థామ్సన్ 'ఎడ్' అనే ఎడిటర్‌ను రాసినప్పుడు ఎదుట ఉన్నది తెర కాదు, కాగితంపై అచ్చు వేసే టెలిటైపు. అది నెమ్మది యంత్రం కనుక ఎడ్ మితభాషి అయింది. ఆజ్ఞ తప్పితే ఒక్క ప్రశ్నార్థకం చూపి ఊరుకుంటుంది. కంటికి కనబడని పాఠ్యాన్ని మాటలతో వర్ణించి మార్చవలసిందే. ఫలానా రూపానికి సరిపోయే పంక్తులన్నీ అచ్చు వేయమనే ఎడ్ ఆజ్ఞ నుండే 'గ్రెప్' పేరు పుట్టింది. ఒక పరికరం ఫలితాన్ని మరొకదానికి అందించే 'పైపు' 1973లో యూనిక్స్‌లో చేరింది.

ఈ పాత సరంజామా బలం నాకు ఒక ప్రోగ్రాము సందేశాల తెలుగు అనువాదాన్ని సరిచూసేటప్పుడు తెలిసింది. పదాలన్నిటినీ విడదీసి, 'సార్ట్'తో వరుసపెట్టి, 'యూనిక్'తో లెక్కించాను. 'ఫోన్' అన్న మాట రెండు వేర్వేరు పదాలుగా వచ్చింది! నా ఎడిటర్‌లో రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి. 'ఓడీ'తో బైట్లు చూస్తే, ఒకదాని చివర మూడు బైట్లు ఎక్కువ. పొల్లును తరువాతి హల్లుతో కలవనీయని అదృశ్య సంకేతం అది, జీరో విడ్త్ నాన్ జాయినర్. 'సాఫ్ట్‌వేర్' నడుమ దాని అవసరం ఉంది. 'ఫోన్' చివర లేదు. కానీ అది ఉన్నంతకాలం యంత్రానికి ఆ రెండూ వేరే. పదం చివర ఉన్నవాటిని మాత్రమే తీసివేయమని 'సెడ్'కు ఒక్క పంక్తి రాస్తే సరిపోయింది. ఆ పంక్తి నా దగ్గర భద్రంగా ఉంది; ఎవరైనా చదివి తప్పొప్పులు చెప్పవచ్చు, మళ్ళీ నడపవచ్చు. మౌసు నొక్కులకు అలాంటి దస్తావేజు మిగలదు.

అంతమాత్రాన నల్లతెరకు పట్టం కట్టలేను. 'స్త్రీ' అని రాసి లెక్కించమంటే 'డబ్ల్యూసీ' పద్ధతిని బట్టి 18 బైట్లనో, 6 అక్షరాలనో చెబుతుంది. బడిపిల్లవాడిని అడగండి, ఒక్క అక్షరమంటాడు. సమానమైన గళ్ళలో అక్షరాలను పేర్చే టెర్మినళ్ళు చాలావాటిలో మన ఒత్తులు చెదిరిపోతాయి. ఫైలులోని పాఠ్యం క్షేమమే, చదివే కన్నుకే శిక్ష. అక్కడ కూర్చుని వాక్యం బాగుందో లేదో తేల్చడం నావల్ల కాదు.

కనుక వెదకడం, లెక్కించడం, ఒకే దిద్దుబాటును వేయిచోట్ల చేయడం ఆజ్ఞలకు వదిలాను. మారిన ప్రతి పంక్తినీ ఒత్తులు కుదురుగా కనబడే ఎడిటర్‌లో తెరచి చదువుతాను. కంటికి అందనిది ఆజ్ఞ పట్టిస్తుంది. అది తెలుగులా ఉందో లేదో మాత్రం చదివేవారే చెప్పాలి.