కుట్టిన పడవ

మా గరాజ్‌లో కారు ఉండాల్సిన చోట నాలుగు నెలలు పడవ ఉంది. మిషిగన్‌లో మా ఇంటికి దగ్గర్లోనే ఒక చెరువుంది. మా అమ్మాయి పడవ కావాలంది. కొంటే పోయేదానికి, చేద్దాం అన్నాను.

అలా అన్నది నేనేనా అని నాకే ఆశ్చర్యం. నాకు ఈత వచ్చింది నలభయ్యో ఏట, అదీ అమ్మాయితోపాటు నేర్చుకుని. భీమిలి దగ్గర, సముద్రపు హోరు వినపడే ఊళ్ళో పెరిగినా, నాన్న నన్ను పాదాలు తడిసేదాటి వెళ్ళనివ్వలేదు. ఆయన అన్నయ్య పదిహేనేళ్ళప్పుడు స్నానానికని దిగి తిరిగి రాలేదు. గోడమీద ఫోటో ఉండేది. దాని గురించి ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు.

ఏప్రిల్లో అమ్మా నాన్నా వచ్చారు. గరాజ్‌లో పలకలు చూసి, ఏమిటివని అడిగి, పడవకని తెలిశాక నాన్న మాట్లాడకుండా లోపలికెళ్ళిపోయారు. "ఎందుకురా ఇప్పుడీ పని? ఆయన రాత్రుళ్ళు నిద్రపోవట్లేదు," అంది అమ్మ.

ప్లైవుడ్ షీటు పొడవు ఎనిమిదడుగులే. పన్నెండడుగుల పడవ కావాలంటే ముక్కలు అతకాలి. పని త్వరగా తెముల్తుందని ఒకే డబ్బాలో బోలెడు ఎపాక్సీ కలిపేశాను. ఎక్కువ మోతాదు ఒకచోట ఉంటే దాని వేడికి అదే ఉడికిపోతుందని చదివాను గానీ, చదవడం వేరు. డబ్బా చేతిలో కాలి, పొగలు కక్కింది. పట్టుకుని బయటికి పరిగెత్తాను. నా కేకకి నాన్న చెప్పుల్లేకుండా వచ్చేశారు. పొగ తగ్గేదాకా ఇద్దరం గడ్డిలో నిలబడ్డాం. అప్పుడు మొదటిసారి, "అసలెలా చేస్తార్రా దీన్ని?" అనడిగారు.

చెప్పాను. పలకల అంచుల వెంబడి సన్నటి బెజ్జాలు వేసి, రాగితీగతో కుట్టాలి. తీగ మెలితిప్పుతుంటే చదునైన పలకలు వంగి పడవ ఆకారంలోకి వస్తాయి. లోపలి మూలల్లో చెక్కపొడి కలిపిన ఎపాక్సీ మెత్తి, తీగలు తీసేసి, పైన ఫైబర్‌గ్లాస్ గుడ్డ అతికించాలి. 1960ల్లో ఇంగ్లండులో మిర్రర్ డింగీ అనే చిన్న తెరచాప పడవ వచ్చాక, వడ్రంగం రానివాళ్ళు కూడా ఇళ్ళల్లో ఇలా చేసుకోవడం మొదలెట్టారు.

"కుట్టడం ఇంగ్లండువాడు చెప్పాలా?" అన్నారు నాన్న. "మన ఒడ్డున పడవలన్నీ కుట్టినవేగా. కొబ్బరితాడుతో. ఒక్క మేకుండేది కాదు. మేకు కొడితే అల దెబ్బకి పలక చీలుతుంది, తాడైతే సాగుతుంది. కుడుతుంటే పొద్దున్నించీ అక్కడే కూర్చునేవాళ్ళం, అన్నయ్యా నేనూ."

అన్నయ్యా నేనూ. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. నేనేమీ అడగలేదు. పట్కారు చేతికిచ్చాను.

మర్నాటినించి నాన్న లోపలివైపు, నేను బయటివైపు. "ఇంత ఎడంగానా కుట్టేది?" అని నా కుట్లు కొన్ని విప్పించారు. తీగ ఎక్కడ లాగాలో, ఎక్కడ వదలాలో ఆయన వేళ్ళకి తెలిసినట్టుండేది. మధ్యమధ్యలో ఒక్కో ముక్క చెప్పేవారు. అన్నయ్యకి ఎడమచేతి వాటమట. తాళ్ళు పేనడం నేర్చుకున్నాడట. అరవయ్యేళ్ళుగా ఆ మనిషి మా ఇంట్లో ఒక ఫోటో, ఒక భయం. నాలుగు వారాల్లో మనిషయ్యాడు.

జులైలో వార్నిష్ ఆరాక చెరువుకి తీసుకెళ్ళాం. మనవరాలి లైఫ్‌జాకెట్ బకిల్స్ మూడుసార్లు చూశారు. తర్వాత నావి. ఎక్కమంటే తలూపారు, వద్దని. పడవ వెనక ఒక తాడు కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకుని ఒడ్డున నిలబడ్డారు.

తెడ్డు వేశాం. ఎక్కడా నీరు రాలేదు. కొంతదూరం పోయాక తాడు బిగిసింది.

"అయిపోయిందిరా," ఒడ్డునించి అరిచారు. కాసేపాగి, "వదిలెయ్యనా?" అన్నారు.

"వదిలెయ్యండి నాన్నా."