ఒక అక్షరం ఎక్కువ

డెబ్బయి దాటినవాడికి మెటల్ సంగీతంతో ఏం పని అని మా ఆవిడ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. త్యాగరాజ కీర్తనలకు అలవాటుపడ్డ చెవులివి. అయినా కొన్నాళ్ళుగా మధ్యాహ్నం పూట హెడ్‌ఫోన్లు తగిలించుకుని యాభై నిమిషాలు కదలకుండా కూచుంటున్నాను. వినేది 'క్రాక్ ది స్కై' అనే ఆల్బం. అమెరికాలోని అట్లాంటా నగరానికి చెందిన మాస్టడాన్ బృందం 2009 మార్చిలో దీన్ని విడుదల చేసింది. మాస్టడాన్ అంటే ఏనాడో అంతరించిపోయిన, ఏనుగును పోలిన జంతువు. పేరుకు తగ్గ ఘీంకారమే వినిపిస్తుంది లెండి.

ఆ ఊళ్ళో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు పంపించాడు దీన్ని. "మొదటి పాట దాటేదాకా ఓర్చుకోండి, మామయ్యా" అన్నాడు. ఓర్చుకున్నాను. రెండో పాట మొదట్లో బాంజో తీగలు మోగేసరికి ప్రాణం లేచివచ్చింది. మొత్తం ఏడే పాటలు. 'ది జార్' అనేది పది నిమిషాలకు పైగా, నాలుగు ఖండాలుగా సాగుతుంది. రాగమాలికలో రాగం మారినట్టు అందులో నడక మారిపోతుంది. గిటార్లు ఒక్కుమ్మడిగా విరుచుకుపడి, అంతలోనే వెనక్కి తగ్గి, 1960ల నాటి సైకడెలిక్ రాక్‌లోలాగా మంచుతెరల్లోంచి వినిపిస్తాయి. డ్రమ్ములు తాళం వేసి ఊరుకునే రకం కాదు. ప్రతి పాటలోనూ తని ఆవర్తనమే. చివరి పాట పదమూడు నిమిషాలు. రెండు నిమిషాలు తగ్గించినా నష్టం లేదని నేనంటాను, మేనల్లుడు ఒప్పుకోడు.

ఈ సంగీతంలో చాలాభాగం గిటారిస్టు బ్రెంట్ హైండ్స్ 2007లో తలకు పెద్ద దెబ్బ తగిలి, కోలుకుంటున్న రోజుల్లో కూర్చినది. ఆయన 2025 ఆగస్టులో అట్లాంటాలోనే మోటారుసైకిల్ ప్రమాదంలో మరణించాడు.

పాటలన్నీ కలిసి ఒకే కథ. కాళ్ళు చచ్చుబడిన ఒక కుర్రవాడు శరీరాన్ని వదిలి ఆత్మగా ఆకాశంలోకి ఎగిరిపోతాడు. దేహంతో అతణ్ణి కలిపి ఉంచిన బంగారు బొడ్డుతాడు సూర్యుడి దగ్గర కాలిపోతుంది. దారి తప్పిన ఆ ఆత్మను ప్రేతలోకంవారు జార్ల కాలపు రష్యాకు పంపి రాస్‌పుటిన్ దేహంలో ప్రవేశపెడతారు. 1916లో రాస్‌పుటిన్ హత్య అయిన సంగతి చరిత్రే గదా. అప్పుడు ఇద్దరి ఆత్మలూ తిరుగు ప్రయాణం కడతాయి. రష్యా ఎందుకు వచ్చిందని నన్నడగకండి. పరకాయ ప్రవేశం మాత్రం మనకు కొత్తది కాదు. సూర్యుడి దగ్గరికి ఎగిరి కాలిపోవడమూ కొత్త కాదు. తమ్ముడు జటాయువుకు రెక్కలు అడ్డుపెట్టి సంపాతి తన రెక్కలు కాల్చుకున్నాడు. తమ్ముణ్ణి దక్కించుకున్నాడు.

డ్రమ్ములు వాయించే బ్రాన్ డెయిలర్‌కు ఆ భాగ్యం లేకపోయింది. అతని చెల్లెలు పద్నాలుగో ఏట ఆత్మహత్య చేసుకున్నది. ఆ పిల్ల పేరు స్కై. ఆల్బం పేరులో ఆకాశాన్ని చెప్పే ఇంగ్లీషు మాటకు చివర ఒక అక్షరం ఎక్కువ ఉంటుంది. నేను అచ్చుతప్పనుకునేవాణ్ణేమో, మేనల్లుడు ముందే చెప్పాడు గనక సరిపోయింది. ఆరో పాట ఆమె పేరిటిది. మొదటి పాటలో డెయిలర్ స్వయంగా గొంతు విప్పి పాడాడు. ఆ బృందం ఆల్బంలో అతను ప్రధానంగా పాడడం అదే మొదటిసారి.

నాకూ ఒక చెల్లెలుండేది. పదకొండో ఏట జ్వరంతో పోయింది. మా నాన్న ఆ వారంలోనే ఆమె పలకా, గౌనులూ ఎవరికో ఇచ్చివేశాడు. అమ్మ ఆ పేరు మళ్ళీ పలకలేదు. అమ్మ పలకని పేరు మేమూ పలకలేదు. తర్వాత పుట్టిన ఆడపిల్లల్లో ఒక్కరికీ పెట్టలేదు. మా ఊళ్ళల్లో పోయినవారి పేరు పిల్లలకు పెట్టుకోవడం రివాజు, మా ఇంట్లో మాత్రం అది జరగలేదు. మేనల్లుడి తల్లి, మా అక్కయ్య, కొడుక్కి ఆ సంగతి ఎన్నడూ చెప్పినట్టు లేదు.

ఆరో పాట గురించి ఫోనులో మాట్లాడుతుండగా చెప్పాను. "నాకింకో పిన్ని ఉండేదా?" అన్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పేరు అడిగాడు. సరిగ్గా వినపడలేదని మళ్ళీ అడిగి, ఒక్కొక్క అక్షరమే చెప్పించుకుని రాసుకున్నాడు.