బాన్సువాడామె

పీహెచ్‌డీ పట్టా మీద నాన్న ఇంటిపేరు, ఆధార్ మీద అత్తింటి పేరు. ఆ ఇద్దరూ నేనేనని రుజువు చూపించమన్నారు ఒక ఆఫీసులో. సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని, నా పేరేమిటో నోటరీ దగ్గర ప్రమాణం చేసి చెప్పాల్సొచ్చింది.

న్యూటన్ అంటే 'కొత్తూరు' అని చెబితే క్లాసులో పిల్లలు నవ్వుతారు. పాత ఇంగ్లీషులో 'టూన్' అంటే కంచె కట్టిన జాగా, పొలంతో కూడిన ఇల్లు, తర్వాత తర్వాత ఊరు. అదే ఊళ్ళ పేర్ల చివర 'టన్' అయింది. ఊరు విడిచి ఇంకోచోట స్థిరపడినవాణ్ణి అక్కడివాళ్ళు పాత ఊరి పేరుతో పిలిచారు, అది కొడుకులకు సంక్రమించింది. మనకూ అంతే. 'పాడు' ఇంటిపేరులో 'పాటి' అవుతుంది, 'ఊరు' 'ఊరి' అవుతుంది. ఫలానా ఊరివాళ్ళమని విభక్తితో సహా చెప్పుకుంటాం. (కులం కూడా చెప్పేస్తాం, అది వేరే కథ.)

మరి తరతరానా ఊరు విడిచేది ఆడవాళ్ళే కదా! స్త్రీల చరిత్రలు వెతికి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' కూర్చిన అచ్చమాంబ కొమర్రాజు వారింట పుట్టింది. మనకు తెలిసింది భండారు అచ్చమాంబగా.

మాది మహమ్మద్‌నగర్. చిన్నప్పుడు మేమెక్కిన బస్సుల బోర్డుల మీద కామారెడ్డి, ఎల్లారెడ్డి, నిజాంసాగర్. అన్నీ మగవాళ్ళ పేర్లే. ఆడపేరున్నది మంజీర ఒక్కటే, దానికీ 1923లో మొదలుపెట్టి 1931కల్లా నిజాం పేరిట ఆనకట్ట వేశారు. మా పక్కింటి బేగంలకు మాత్రం మార్చుకోవడానికి ఇంటిపేరే లేదు. ఆ సుఖం చూసి నాకు కాస్త అసూయ.

అమ్మ రేషన్ కార్డులో నాన్న భార్య. వాడకట్టులో మాత్రం ఎవరూ అలా అనలేదు, అసలు పేరుతోనూ పిలవలేదు. 'బాన్సువాడామె' అన్నారు. పక్కామె పిట్లమామె, ఎదురింట్లో జుక్కలామె. కోడళ్ళందరూ పుట్టినూళ్ళ పేర్లతోనే బతికారు. అచ్చం న్యూటన్‌లాగే, వచ్చిన ఊరే పేరు. ఏ కాగితంలోనూ ఎక్కలేదు, బిడ్డలకు రాలేదు.

నిరుడు అమ్మ పోయింది. మరణ ధ్రువపత్రంలో పేరు, భర్త పేరు, చిరునామా. బాన్సువాడ రాయడానికి గడి లేదు.

పదకొండో రోజు ఒక ముసలమ్మ నా గదుమ పట్టుకుని చూసింది.

"బాన్సువాడామె పెద్దబిడ్డెవు గాదా నువ్వు?"

అవునన్నాను.

"ఆడ మీ తల్లిగారింట్ల ఎవరున్నరు బిడ్డా ఇప్పుడు?"

ఎవరూ లేరు. మామ ఆ ఇల్లు ఎప్పుడో అమ్మేశాడు.