పాతది అమ్మకి

పోయిన నెల మా అబ్బాయి వచ్చినప్పుడు నా టాబ్లెట్ చూసి నవ్వాడు. "ఇంకా దీన్నే పట్టుకుని ఉన్నావా అమ్మా? నేనెలాగూ కొత్త మోడల్ కొంటున్నా. నాది నువ్వు తీసేసుకో" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నేనూ సరేనన్నాను. రాత్రి పక్క మీద వాలాక గానీ ఆ మాట గుచ్చుకోలేదు.

మా ఇంట్లో వస్తువులు ఎప్పుడూ ఒకే దారిన నడిచాయి. కొత్త ఫోను ఆయనకి. ఆయన పాతది అబ్బాయికి. వాడు విసుగుపుట్టి వదిలేసింది నాకు. ఇప్పటికీ మాట్లాడ్డానికి నా దగ్గరున్నది అలా వచ్చిన బటన్ల ఫోనే. మా అమ్మకీ అంతే. మంచి గ్లాసులు చుట్టాలకి, సొట్టపడ్డది ఆవిడకి.

ఆ వరసలోంచి రాకుండా తిన్నగా నా చేతికొచ్చిన వస్తువు ఈ టాబ్లెట్ ఒక్కటే. 2015లో 43 శాతం ఫిట్‌మెంట్‌తో పీఆర్సీ వచ్చినప్పుడు, పెరిగిన జీతంలోంచి కొనుక్కున్నాను. "అంత అవసరమా?" అన్నారాయన. స్కూల్లో మార్కుల పట్టికలు వేసుకోడానికని అబద్ధం చెప్పాను. నిజానికి చదువుకోడానికీ, రాసుకోడానికీ కొన్నాను. బియ్యం డబ్బాకి ఆనించి పెట్టుకుని, కూర ఉడికేలోపు ఎన్ని పేజీలు చదివానో! మగవాడు కొనుక్కోడానికి ఇష్టం ఒక్కటీ చాలు. అదే మనం కొనుక్కుంటే అవసరం రుజువు చెయ్యాలి.

ఇప్పుడది ముసలిదైపోయింది. మూల అద్దం పగిలింది. గంట గంటకీ ఛార్జింగ్ పెట్టాలి. వాటితో సర్దుకున్నాను. కానీ ఈమధ్య బ్యాంకు సైటు తెరవబోతే, బ్రౌజరు పాతది, కుదరదంది. పెన్షన్ పడిందో లేదో చూసుకోడానికి ఆయన ఫోను అడిగాను. ఆయనేమీ అనలేదు. ఇచ్చి, పక్కనే నిలబడ్డారు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామని చెప్పిన ఆడవాళ్ళు 33 శాతం, మగవాళ్ళు 57 శాతం. ఆ 33 శాతంలో ఎందరి పక్కన ఎవరు నిలబడి ఉన్నారో ఆ లెక్క చెప్పదు. ఇంట్లో ఫోనుండటం వేరు, అది మన చేతిలో ఉండటం వేరు.

మరి కొనుక్కోడానికి ఇంత తటపటాయింపు ఎందుకు? పర్యావరణం కోసమని నాకు నేను చెప్పుకున్నాను. అది వట్టి సాకు కాదు. 2022లో ప్రపంచంలో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైతే, పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకొచ్చింది పావువంతు కూడా లేదు. ఢిల్లీ సీలంపూర్ లాంటి చోట్ల ఆ చెత్తని విప్పి, కాల్చి, రాగి ఏరేవాళ్ళలో ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారు. పద్ధతీ రక్షణా లేని చెత్త పనుల్లో 1 కోటి 29 లక్షల మంది దాకా స్త్రీలున్నారనీ, ఈ విషాలు వాళ్ళకీ కడుపులోని బిడ్డలకీ ముప్పనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో హెచ్చరించింది. నా ముచ్చట ఇంకో స్త్రీ ఊపిరితిత్తుల్లో పొగ కాకూడదనుకున్నాను.

కానీ ఆయన మూడో ఫోను కొన్నప్పుడు ఈ బాధ నాకెందుకు కలగలేదు? అబ్బాయి ఏడాదికోసారి మారుస్తుంటే ఒక్క మాటైనా ఎందుకనలేదు? ఇంట్లో సర్దుకుపోవడం అలవాటైన మనిషే భూమి కోసం కూడా సర్దుకోవాలా? నా పొదుపులో విశ్వాసమెంతో, భయమెంతో విడదీసి చూసుకోక తప్పలేదు.

రిపేరు షాపుకి తీసుకెళ్ళాను. "బ్యాటరీ మార్చొచ్చు మేడం. సాఫ్ట్‌వేర్ మాత్రం ఇంతే, కంపెనీ అప్‌డేట్లు ఆపేసింది" అన్నాడు షాపు కుర్రాడు. బ్యాటరీ మార్పించాను. చదువుకీ రాతకీ అది ఇంకొన్నేళ్ళు బియ్యం డబ్బా పక్కనే ఉంటుంది. నా డబ్బు నేను చూసుకోడానికి మాత్రం కొత్తది కొంటున్నాను. అన్నిటికన్నా కొత్త మోడల్ కాదు. అప్‌డేట్లు ఎక్కువ ఏళ్ళు ఇస్తామన్నదేదో అడిగి మరీ ఎంచుకున్నాను.

అబ్బాయికి ఫోన్ చేసి చెప్పాను. "నీది బాగానే ఉందిగా నాన్నా, ఇంకో రెండేళ్ళు నువ్వే వాడుకో." కాసేపు మాట్లాడలేదు వాడు.

"అంత అవసరమా?" అని ఆయన మళ్ళీ అడిగారు. అవునన్నాను. ఈసారి ఏ అబద్ధమూ చెప్పలేదు.