నారాయణఖేడ్‌లో ఒక బిస్మిల్లా

హైదరాబాదు నుండి సంగారెడ్డి, జోగిపేటల మీదుగా ప్రయాణించి మేము నారాయణఖేడ్ చేరేసరికి అస్ర్ నమాజు వేళ దగ్గరపడింది. దారి పొడవునా నల్లరేగడి చేలు. పత్తి కాయలు పగిలి తెల్లగా విచ్చుకున్నాయి. పక్క చేలలో కంది పూత మీద ఉంది. బీదరు వైపు నుండి వచ్చిన మంజీరా నది సింగూరు దాటాక ఉత్తరానికి మళ్ళి నిజాంసాగర్ దిశగా సాగిపోతుంది. ఆ పెద్ద వంపు లోపలి సీమ ఇది. 1956 వరకు ఈ తాలూకా బీదరు జిల్లాలో భాగం. రాష్ట్రాల పునర్విభజనతో మెదక్ జిల్లాలో చేరింది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో ఉంది. సరిహద్దులు మారినా మాటలు మారలేదు. ఇక్కడి బజారులో ఒక్క పావుగంట నిలబడితే చాలు, తెలుగు, కన్నడం, మరాఠీ, దక్కనీ ఉర్దూ అన్నీ చెవిన పడతాయి.

మేము వెళ్ళింది మా ఫుప్పూ మనుమరాలి బిస్మిల్లాకు. పాపకు నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులు నిండాయి. ఫుప్పూ ఈ లెక్క హిజ్రీ నెలల ప్రకారమే కట్టింది. చాంద్రమాన సంవత్సరం దాదాపు పదకొండు రోజులు తక్కువ కాబట్టి, ఇంగ్లీషు క్యాలెండరు లెక్కకన్నా ఒకటిన్నర నెల ముందే ఆ రోజు వచ్చేసింది.

నిజం చెప్పాలంటే, మేము ఆ ఇంటికి కొంత సంకోచంతోనే వెళ్ళాము. దానికి కారణం తర్వాత చెబుతాము.

నడవాలో జరిగిన వేడుక

ఇంటి ముందు షామియానా లేదు. లోపలి నడవాలో చాపలు పరిచి, వాటిపై తెల్లని దుప్పట్లు వేశారు. ఇరుగుపొరుగు వారు, దగ్గరి బంధువులు కలిపి నలభై మందికి మించరు. పక్కింటి ఉపాధ్యాయురాలు కూడా వచ్చి కూర్చున్నారు. తమ ఇళ్ళలో జరిగే అక్షరాభ్యాసం గురించి, పిల్లలను బాసర తీసుకువెళ్ళడం గురించి ఆమె మా వాళ్ళతో ముచ్చటించారు. పాప చేతులకు మెహందీ పెట్టారు. ఎర్రని కుర్తా, తలపై జరీ అంచు దుపట్టా. ముందు ఒక చిన్న రెహల్, దానిపై ఖాయిదా, పక్కన చెక్క తఖ్తీ. ఆ తఖ్తీ కొత్తది కాదు. ఫుప్పూ పిల్లలు, ఆ తర్వాత వారి పిల్లలు దిద్దినది. అంచులు అరిగి నునుపు దేరాయి.

మౌల్వీ సాబ్ పాపను దగ్గర కూర్చోబెట్టుకొని మెల్లగా “బిస్మిల్లా” అన్నారు. పాప ఆయన గడ్డం వంక చూసిందే గాని నోరు మెదపలేదు. రెండోసారి చెప్పినా అంతే. నవ్వులు వినబడేసరికి దుపట్టాలో ముఖం దాచుకుంది. అప్పుడు ఫుప్పూ లేచి వచ్చి పక్కన కూర్చుంది. “నాతో అను బేటా, వాళ్ళెవరూ లేరనుకో” అంది. పాప ఆమె చెవిలో గుసగుసగా అంది. మౌల్వీ సాబ్‌కు అదే చాలు. ఆ తర్వాత అలఖ్ సూరా మొదటి అయిదు ఆయతులు ముక్కలు ముక్కలుగా పలికించారు. సుమారు క్రీ.శ. 610లో హిరా గుహలో దైవప్రవక్త ముహమ్మద్ (సల్లం) వారిపై మొట్టమొదట అవతరించినవి ఆ అయిదే. వాటిలో తొలి మాట ‘చదువు’ అనే ఆజ్ఞ. కలం ప్రస్తావన కూడా అక్కడే వస్తుంది. ఎడారి గుహలో వినిపించిన ఆ మాటను మంజీరా వంపులో నాలుగేళ్ళ పాప తడబడుతూ పలుకుతుంటే నడవా అంతా నిశ్శబ్దమైంది.

దుఆ అయ్యాక లడ్డూలు పంచారు. భోజనంలో జొన్న రొట్టె, దాల్చా, ఖీర్. అంతటితో వేడుక ముగిసింది.

జపాను పిల్లల పండుగ

భోజనాల దగ్గర, ఉద్యోగరీత్యా కొంతకాలం టోక్యోలో ఉండి వచ్చిన బంధువుల అబ్బాయి ఒకడు తన ఫోనులో ఫొటోలు చూపించాడు. కిమోనోలు తొడుక్కున్న చిన్న పిల్లలు, చేతుల్లో పొడవాటి కాగితపు సంచులు. ఆ పండుగ పేరు ‘షిచి-గో-సాన్’, అంటే ఏడు-అయిదు-మూడు. ఏటా నవంబరు 15న, లేదా ఆ దగ్గరి సెలవు రోజున జరుపుకుంటారు. మూడేళ్ళ పిల్లలను, అయిదేళ్ళ మగపిల్లలను, ఏడేళ్ళ ఆడపిల్లలను ముస్తాబు చేసి షింతో ఆలయాలకు తీసుకువెళతారు. పూర్వం చిన్న పిల్లలకు తల గొరిగించి, మూడో ఏట నుండి జుట్టు పెంచనిచ్చేవారట. అయిదో ఏట బాలుడు తొలిసారి ‘హకామా’ అనే పెద్దల వస్త్రం ధరిస్తాడు. ఏడో ఏట బాలిక నడుముకు తాళ్ళు పోయి ‘ఓబి’ అనే వెడల్పాటి పట్టీ వస్తుంది. సంచుల్లో ఉండేది వెయ్యేళ్ళ మిఠాయి అనే పేరుగల ఎరుపు, తెలుపు పొడవాటి చక్కెర కడ్డీ. దీర్ఘాయుష్షుకు గుర్తుగా ఆ సంచిపై కొంగ, తాబేలు బొమ్మలు వేస్తారు.

వారి ఆరాధన వేరు, మన తౌహీద్ వేరు. కాని ఆ పండుగ వెనుక ఉన్న తల్లిదండ్రుల గుండె మనకు తెలియనిది కాదు. మశూచి, విరేచనాలు, కరువులు పసిపిల్లలను తీసుకుపోయే కాలంలో బిడ్డ ఏడో ఏడు దాటితే గాని ఈ లోకానికి చెందినట్లు కాదని జపానులో భావించేవారు. మన ఇళ్ళలో కూడా నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులని రోజులతో సహా లెక్కపెట్టిన తల్లి, బిడ్డ బ్రతికి ఉన్న ప్రతి దినాన్నీ లెక్కపెట్టుకున్న తల్లే కదా!

ఆచారం, ఆజ్ఞ

ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. ఈ నాలుగుల లెక్క దివ్య ఖుర్ఆన్‌లో గాని, ప్రామాణిక హదీసుల్లో గాని లేదు. ఇది ఉపఖండపు ముస్లిముల ఆచారం మాత్రమే. బిడ్డ పుట్టిన ఏడో రోజున అఖీఖా సున్నత్. ఏడేళ్ళు రాగానే పిల్లలకు నమాజు నేర్పమన్నది దైవప్రవక్త (సల్లం) వారి ఉపదేశం. బిస్మిల్లా వేడుకకు అటువంటి స్థానం లేదు. బిడ్డకు చదువు మొదలుపెట్టేందుకు పెద్దలు ఏర్పరచుకున్న ఒక మంచి రోజు అది. చదువు మొదలైతేనే దానికి అర్థం.

చరిత్రలో దీనికి ఒక విచిత్రమైన ఉదాహరణ ఉంది. కాబూలులో హుమాయూను తన కుమారుడు అక్బరుకు ఇదే వయసు లెక్కతో చదువు ప్రారంభించాలని జ్యోతిష్కులతో ముహూర్తం పెట్టించాడు. తీరా ఆ ఘడియకు బాలుడు ఆటలో పడి ఎక్కడా కనిపించలేదని అబుల్ ఫజల్ ‘అక్బర్‌నామా’లో రాశాడు. ఆ బాలుడు పెద్దవాడై గొప్ప సామ్రాజ్యాన్ని ఏలాడు గాని, చదవడం రాయడం అలవడలేదు. పుస్తకాలు ఇతరుల చేత చదివించుకొని వినేవాడు. పాదుషా ఇంటి వేడుకైనా మరునాటి పాఠానికి బదులు కాలేకపోయింది.

దీనికి భిన్నంగా, బద్ర్ యుద్ధం తర్వాత పరిహారం చెల్లించలేని ఖైదీలలో అక్షరజ్ఞానం ఉన్నవారిని, ఒక్కొక్కరు పదిమంది మదీనా పిల్లలకు రాయడం నేర్పితే విడుదల చేశారని చరిత్ర చెబుతోంది. అక్కడ వేడుక లేదు, విందు లేదు. పాఠం మాత్రమే ఉంది.

నారాయణఖేడ్ నుండి సరిహద్దు దాటితే బీదరులో మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదరసా నేటికీ నిలిచి ఉంది. సగం కూలినా, మిగిలిన మినారుపై రంగు పలకలు ఇంకా కనిపిస్తాయి. ఒకప్పుడు దూరదేశాల పండితులు అక్కడ పాఠాలు చెప్పేవారు. చదువు కోసం అంతటి కట్టడం లేచిన సీమలో మన పిల్లల ఖాయిదా సగంలో ఆగిపోతే అది ఎవరి తప్పు?

మా సంకోచం

ఈ ప్రశ్న ముందుగా మాకే తగులుతుంది. నాలుగేళ్ళ క్రితం మా అబ్బాయి బిస్మిల్లా చేశాము. కార్డులు అచ్చువేయించాము, ఫంక్షన్ హాలు మాట్లాడాము, మూడు వందల మందికి బిర్యానీ పెట్టాము. పెళ్ళికొడుకులా సెహ్రా కట్టి వీడియో తీయించాము. చిట్టీ ఎత్తి, చాలక అప్పు చేశాము. ఆ అప్పు తీరడానికి రెండేళ్ళు పట్టింది. ఇంటికి వచ్చి ఖుర్ఆన్ నేర్పే ఉస్తాద్‌కు నెలనెలా ఇవ్వవలసిన కొద్దిపాటి మొత్తం ఆ రోజుల్లో భారమనిపించింది. మూడో నెలలో ఆయనను మాన్పించాము. ‘తర్వాత చూద్దాం’ అనుకున్నాము. అబ్బాయికి ఇప్పుడు ఎనిమిదేళ్ళు దాటాయి. ఖాయిదాలో నాలుగో పేజీ దాటలేదు. వీడియో మాత్రం భద్రంగా ఉంది.

ఆ రాత్రి ఫుప్పూ మమ్మల్ని అడగనే అడిగింది, “వాడు ఎంతవరకు వచ్చాడు?” అని. మేము జవాబు చెప్పలేకపోయాము. ఆమె కోప్పడలేదు. ఫజ్ర్ తర్వాత మేము టీ తాగుతుండగా నడవాలో పాపను కూర్చోబెట్టుకొని, ఆ అరిగిన తఖ్తీపై అలిఫ్ రాసి దిద్దించసాగింది. ముందురోజు దుపట్టాలో ముఖం దాచుకున్న పాప ఈసారి గొంతెత్తి పలికింది. వినడానికి జనం లేరు, ఫొటోలు తీసేవారు లేరు. “దావత్ నిన్నటితో అయిపోయింది. బిస్మిల్లా ఇవాళ మొదలైంది” అంది ఫుప్పూ, మా వైపు చూడకుండానే.

మేము బయలుదేరుతుంటే ఆమె ఒక పాత ఖాయిదా కాగితంలో చుట్టి మా చేతిలో పెట్టింది. ఇల్లు చేరిన రోజే మగ్రిబ్ తర్వాత అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకొని మొదటి పేజీ తెరిచాము. మొదట సిగ్గుపడ్డాడు, తర్వాత విసుక్కున్నాడు. అయినా రోజుకు ఒక పావుగంట తప్పనివ్వడం లేదు. అల్హమ్దులిల్లాహ్, ఇప్పుడు ఏడో పేజీలో ఉన్నాడు.

అల్లాహ్ మన పిల్లలకు దీర్ఘాయుష్షును, మేలు చేసే జ్ఞానాన్ని, మనకు వారి పక్కన కూర్చునే ఓపికను ప్రసాదించుగాక. ఆమీన్.